జబ్బు కాని రంది

అంబ్రీన్ పాఠాలు చెప్పిన బడి కరోనా తర్వాత మళ్లీ తెరుచుకోలేదు. మెదక్‌లో అట్లా మూతపడ్డ చిన్న ప్రైవేటు బళ్లు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. పిల్లలు వేరే బళ్లకు పోయారు. భవనంలో కింది భాగం టైల్స్ దుకాణమైంది. అంబ్రీన్ మాత్రం తామున్న ఆజంపురలో టీచరమ్మగానే మిగిలిపోయింది. కూరగాయల బండి అతను కూడా ఇప్పటికీ అదే పేరుతో కేకేస్తాడు.

ఆమెకు ముప్పై అయిదు దాటాయి. భర్త సిరాజ్ ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేస్తాడు. ఎండాకాలమంతా అతనికి అన్నం తినే తీరిక ఉండదు, వానలు పడితే పని ఉండదు. ఇంట్లో ఇంకొకరు అత్త షాజహాన్ బీ. పిల్లలు లేరు. రెండుసార్లు కడుపుతో ఉంది గానీ నిలవలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడం మొదట్లో దయగా ఉండేది, తర్వాత అలవాటైంది.

ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. రెండూ ఆమెకు ఒకే నాలుక మీద నడుస్తాయి. ఆ కారణంగానే ఆమెకు కొత్త పని దొరికింది. హైదరాబాద్ నుంచి మనస్తత్వ శాస్త్రం చదివిన డాక్టర్ మహతి అనే ఆవిడ పరిశోధన కోసం మెదక్ వచ్చింది. పెద్దవాళ్ల మనోవేదనను కొలవడానికి ఒక ప్రశ్నల వరుస తయారుచేసుకున్నారు. అది తెలుగులోనూ ఉర్దూలోనూ సరిగ్గా కొలుస్తుందో లేదో ఇక్కడ పరీక్షించాలి. ఇంటింటికీ పోయి అడిగేందుకు రెండు భాషలూ వచ్చినవాళ్లు కావాలంటే, పాత బడిలో హెడ్ మాస్టరుగా చేసిన లలితమ్మ అంబ్రీన్ పేరు చెప్పింది.

రాందాస్ చౌరస్తా దగ్గర మందుల దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకుని, మహతి అక్కడే శిక్షణ ఇచ్చింది. ఆమె మాటల్లో డొంకతిరుగుడు ఉండదు. జ్వరం చూసే కడ్డీ సరిగ్గా చూపిస్తోందో లేదో ఎట్లా తెలుస్తుందని అడిగింది. జ్వరం ఉందని ఖాయంగా తెలిసిన మనిషికీ, లేదని తెలిసిన మనిషికీ పెట్టి చూస్తేనే తెలుస్తుందని తనే చెప్పింది. ప్రశ్నలకూ అంతే. మొదట జనానికి మాటలు అర్థం కావాలి. తర్వాత, అదే మనిషిని రెండు వారాలు ఆగి అడిగితే ఇంచుమించు అవే జవాబులు రావాలి. చివరికి, మానసిక వైద్యుడు ఒకరు ఆ మనిషితో తీరిగ్గా మాట్లాడి జబ్బు ఉందో లేదో తేలుస్తాడు. ప్రశ్నలకు ఎన్ని మార్కులు వచ్చాయో అతనికి చెప్పరు. అతని మాటా, ఈ మార్కులూ కలిస్తే కడ్డీ మంచిది.

అడిగేవాళ్లకు ఒకటే కట్టడి. రాసి ఉన్న మాటను రాసి ఉన్నట్టే చదవాలి. విడమరచకూడదు, ఓదార్చకూడదు, అయ్యో అనకూడదు. అంబ్రీన్‌కు అది కఠినంగా తోచింది. మహతి ఆమె ముఖం చూసి, మీరు అయ్యో అంటే వాళ్లు తర్వాతి ప్రశ్నకు మీకోసం జవాబు చెబుతారు, తమకోసం కాదు అంది. పదేళ్లు పిల్లలతో గడిపిన అంబ్రీన్‌కు అందులో నిజం ఉందని తెలుసు.

అలవాటు కోసం శిక్షణలో ఒకరినొకరు ప్రశ్నలు అడిగి చూసుకున్నారు. ప్రతిదానికీ ‘అసలు లేదు’ నుంచి ‘దాదాపు రోజూ’ దాకా జవాబులు, వాటికి మార్కులు ఉన్నాయి. తన వంతు వచ్చినప్పుడు అంబ్రీన్ అన్నింటికీ ‘అసలు లేదు’ అని చెప్పేసి లేచింది. 

మొదటి వారాలు నవ్వులతోనే గడిచాయి. ‘గత రెండు వారాల్లో మీకు ఆందోళన కలిగిందా’ అని ఒక ప్రశ్న ఉండేది. నవాబుపేటలో ఎల్లం అనే పెద్దమనిషి దానికి చాలాసేపు ఆలోచించి, “ఆందోళనలు ఇప్పుడెక్కడియి బిడ్డా. తెలంగాణ వచ్చినంక ధర్నాలు, బందులు అన్నీ తక్కువైనయి” అన్నాడు. గదికి వచ్చి చెబితే మహతి పగలబడి నవ్వి, వెంటనే రాసుకుంది. ఇటువంటివి పట్టుకోవడానికే మొదట కొందరిని అడిగి చూస్తామంది. ఆ మాట తీసేసి ‘రంది’ పెట్టారు. భయానికి ‘బుగులు’ చేర్చారు. ఉర్దూలో ‘ఘబ్రాహట్’ అనగానే ముసలివాళ్లు కూడా గుండె మీద చెయ్యి వేసుకుని జవాబు చెప్పేవారు. మాటలు కుదిరాక అసలు పని మొదలైంది.

అప్పుడే బాలలక్ష్మి ఇల్లు తగిలింది.

వరసలో ఏ ఇల్లు వస్తే ఆ ఇంట్లో అడగాలి, అడిగేవాళ్లు ఎంచుకోవడానికి లేదు. సందులో చివరి ఇల్లు అది. తలుపుకు బయటినుంచి తాళం ఉంది. అంబ్రీన్ వెనక్కి తిరగబోతుంటే లోపలినుంచి మగ గొంతు, “ఎవరూ” అంది. ఆమె నిలబడిపోయింది. అప్పుడే సందు మొగలో నుంచి ఒక ఆవిడ వడివడిగా వచ్చింది. నలభై దాటిన మనిషి, చీర కొంగుకు పసుపు మరకలు. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుందట, ఇప్పుడే పని ముగిసింది. తాళం తీస్తూ, మా ఆయన లోపలున్నడు, ఏమనడు, లోపటికి రా అంది.

భర్త పేరు స్వామి. డీసీఎం వ్యాను నడిపేవాడు. నాలుగేళ్ల కింద చేగుంట దగ్గర హైవే మీద ఆగి ఉన్న లారీని గుద్దాడు. తలకు దెబ్బ. హైదరాబాద్‌లో నెలల తరబడి ఉంచి, ఒంటి గాయాలన్నీ మాన్పి పంపారు. చెయ్యీ కాలూ అన్నీ బాగానే ఉన్నాయి. మనిషి మాత్రం తిరిగి రాలేదు. భార్యను గుర్తుపట్టడు. ఎప్పుడో చనిపోయిన తన అక్క యాదలక్ష్మి అనుకుంటాడు. అక్కా అక్కా అంటూ ఆమె వెంటే తిరుగుతాడు. నా పెండ్లాం ఎటు పోయిందని ఆమెనే అడుగుతాడు. ఆ పెండ్లాన్ని నేనే అంటే ఒప్పుకోడు, ఇంకా చెబితే కోపం వస్తుంది, కోపం వస్తే చెయ్యి లేస్తుంది. వదిలేస్తే రోడ్డు పట్టుకుని పోతాడు. అందుకే తాళం. ఇదంతా బాలలక్ష్మి ఇంకెవరి ఇంటి సంగతో చెప్పినట్టు చెప్పింది. స్వామి మంచం మీద కూర్చుని, వచ్చినామెను మర్యాదగా చూస్తున్నాడు.

అంబ్రీన్ ట్యాబ్ తెరిచి చదవడం మొదలుపెట్టింది. నిద్ర సరిగ్గా పట్టడం లేదా అన్న ప్రశ్నకు బాలలక్ష్మి, “నిద్రకేం చెల్లె, మంచిగ పడ్తది. ఆయన పండనియ్యడు” అంది.

దీన్ని ఎక్కడ గుర్తుపెట్టాలి? కారణం ఏదైనా సరే నిద్ర ఉందా లేదా అన్నదే లెక్క అని శిక్షణలో చెప్పారు. అంబ్రీన్ మళ్లీ అడిగింది. దాదాపు రోజూ అని జవాబు వచ్చింది. ముందుముందు మంచి జరుగుతుందన్న ఆశ లేదనిపిస్తోందా అని అడిగితే, పెద్ద డాక్టర్లే ఇంతకంటే మంచిగ కాడన్నరు, నేను లేనిపోని ఆశ పెట్టుకోవాల్నా అంది. అదీ దాదాపు రోజూ. నలుగురిలో కలవాలనిపించడం లేదా? కలవాలని ఉంటుంది, పోనిచ్చేదెవరు. అదీ అంతే. పని మీద మనసు నిలుస్తోందా అన్నప్పుడు మాత్రం ఆమె కొంచెం నొచ్చుకుంది. మనసు నిలవకుంటే అంతమంది పిల్లలకు వంట ఎట్లా కుదురుతుందని ఎదురు అడిగింది.

చివరి ప్రశ్న బతకడం గురించి. చనిపోతే బాగుండుననిపించిందా అని అంబ్రీన్ రాసి ఉన్నట్టే చదివింది. బాలలక్ష్మి మంచం వైపు చూసి, గొంతు తగ్గించింది.

“నేను సచ్చిపోతె ఈయనకు బువ్వ పెట్టేదెవరు. గా ముచ్చట నాకు రానే రాదు. ఆయన పోతె బాగుండని మాత్రం అనిపిస్తది. గది అడుగుతలేరా?”

“అది ఇందుల లేదక్కా.”

“లేకుంటె పాయె” అంది బాలలక్ష్మి. చాయ్ పెడతానని లేచింది. అంబ్రీన్ చివరి ప్రశ్నకు ‘అసలు లేదు’ దగ్గర వేలు పెట్టింది. వేరే చోటు లేదు.

మొత్తం మార్కులు, జబ్బు ఉండొచ్చని అనుమానించే గీతను దాటాయి. గీత దాటినవాళ్లందరినీ, దాటనివాళ్లలో కొందరినీ కలిపి మానసిక వైద్యుడు డాక్టర్ ఉదయ్ కుమార్ దగ్గరికి పంపుతారు. అతను శనివారాల్లో హైదరాబాద్ నుంచి వస్తాడు. బాలలక్ష్మిని పిలవడానికి పోయినప్పుడు, ఆమె మొదట రానంది. డాక్టర్ తనతో మాట్లాడతాడంటే నమ్మలేదు. నాలుగేళ్లుగా డాక్టర్లందరూ స్వామి గురించే మాట్లాడారు, ఆమె పక్కన నిలబడి ఫైలు పట్టుకునేది. “నాతోనా” అని మళ్లీ అడిగింది. శనివారం నాడు ఇస్త్రీ చీర కట్టుకుని, పక్కింటామెను స్వామి దగ్గర కూర్చోబెట్టి వచ్చింది. గదిలో గంటకు పైగా ఉంది. బయటికి వచ్చినప్పుడు ముఖం తేటగా ఉంది. డాక్టరు మంచోడు, అన్నీ అడిగిండు అని అంబ్రీన్‌తో చెప్పి, కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోయింది.

ఆ ముఖం చూసి అంబ్రీన్‌కు ధైర్యం కలిగింది. ఏదో జరుగుతుందనుకుంది. ఏం జరుగుతుందో అడిగితే ఆమె చెప్పలేకపోయేది.

రెండు వారాలకు మళ్లీ అవే ప్రశ్నలు అడగాలి. అంబ్రీన్ పోయేసరికి బాలలక్ష్మి గడపలో కూర్చుని స్వామికి గడ్డం గీస్తోంది. అతను చిన్నపిల్లవాడిలా మెడ ఎత్తి పెట్టాడు. పని అయ్యేదాకా అంబ్రీన్ ఆగింది. తర్వాత మొదటి ప్రశ్న చదవబోతుంటే బాలలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది.

“చదువకు చెల్లె. అన్నిటికి లేదనే రాసుకో.”

ఎందుకట్లా అని అంబ్రీన్ అడగకూడదు. అయినా అడిగింది. బాలలక్ష్మి తువ్వాలతో స్వామి గదవ తుడుస్తూ, డాక్టర్ చెప్పిన మాట చెప్పింది. అన్నీ విన్నాడట. చివరికి, అమ్మా మీకు జబ్బేమీ లేదు, ఇంత కష్టంలోనూ తింటున్నరు, పనికి పోతున్నరు, నవ్వుతున్నరు, మీరు చాలా గట్టి మనిషి అన్నాడట. మొదట సంబురమైందట. ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించినాకనే అర్థమైందట, జబ్బు లేకపోతే మందూ ఉండదని, మళ్లీ పిలవడమూ ఉండదని.

“నాకు రోగం లేదన్నడు” అంది. తర్వాత అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకుంది. “మరి గిదేంది?”

అంబ్రీన్ ట్యాబ్ ముందుకు తీసుకుంది.   ఒక్కొక్క ప్రశ్నా చదివింది. ఒక్కొక్కదానికీ బాలలక్ష్మి లేదు లేదు అంది. ఆశ లేదనిపించడమూ లేదు, నిద్ర లేకపోవడమూ లేదు. స్వామి మధ్యలో, “అక్కా, నా పెండ్లాం వస్తదా ఇయ్యాల” అని అడిగాడు. వస్తది, నువ్వు లోపటికి నడు అని ఆమె అతన్ని లేపింది.

గదికి తిరిగి వచ్చి అంబ్రీన్ మహతికి అంతా చెప్పింది. రెండోసారి చెప్పిన జవాబులు అబద్ధం మేడం, వాటిని తీసెయ్యండి అంది.  మనకు అబద్ధం అనిపించినవి తీసేసి, నిజం అనిపించినవి ఉంచుకుంటే ఇంక పరీక్ష ఎందుకు అంది మహతి. ఆమె చెప్పింది చెప్పినట్టు ఉండాలి.

మరి డాక్టర్ చెప్పింది తప్పా అని అంబ్రీన్ అడిగింది.

“తప్పు కాదు” అంది మహతి. “ఉదయ్ వెతికింది జబ్బు. ఆమెకున్నది బాధ. మన ప్రశ్నలు రెండింటికీ ఒకే తీరుగా మోగుతాయి, దాన్ని ఎట్లా విడదీయాలా అన్నదే నా పని. ఆమెలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో రేపు నేను చెప్పగలను. ఆమెకు ఇవ్వడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు అంబ్రీన్ గారూ. జబ్బయితే కనీసం మందు రాసి పంపేవాళ్లం.”

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పరిశోధనకు వచ్చే నిధులు పరిశోధనకే. హెల్ప్‌లైన్ నంబరు ఉన్న కాగితం ఒకటి అందరికీ ఇచ్చినట్టే బాలలక్ష్మికీ ఇచ్చారు. ఆమె దాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టుకుంది. అందులో ఏముందో చదివిందో లేదో తెలియదు.

అంబ్రీన్ ఊరుకోలేకపోయింది. పని లేని రోజుల్లో ఫోన్లు చేసింది. స్వామిలాంటి మనుషులను పగటిపూట చూసుకునే చోటు జిల్లాలో ఎక్కడన్నా ఉందేమో కనుక్కుంది. పిల్లలకుంది, ముసలివాళ్లకుంది. నలభై తొమ్మిదేళ్ల మగమనిషికి లేదు. హైదరాబాద్‌లో ఒక ఆశ్రమంవాళ్లు మొదట సరేనన్నారు. చెయ్యి చేసుకుంటాడా అని అడిగారు. నిజం చెబితే వద్దన్నారు. ఉదయ్ కుమార్‌ను బతిమాలితే, స్వామిని తీసుకురమ్మని, చూసి, శాంతంగా ఉండేందుకు మాత్రలు రాశాడు. అవి వేసుకున్నాక స్వామి తూలి గడప మీద పడ్డాడు, పెదవి పగిలింది. బాలలక్ష్మి వాటిని ఆపేసింది. డాక్టర్ మోతాదు తగ్గించమని చెప్పి పంపాడు గానీ ఆమె మళ్లీ మొదలుపెట్టలేదు.

ఇంక మిగిలింది తనే. స్వామి దగ్గర కూర్చునే పక్కింటామె మనోహరాబాద్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఒక్కడే లోపల ఉంటే అతను తలుపు బాదుతాడు, సందులో అందరూ వచ్చి బాలలక్ష్మిని తిడతారు. సర్వే లేని రోజుల్లో తను వచ్చి బయట అరుగు మీద కూర్చుంటానంది అంబ్రీన్. తాళం తీయనవసరం లేదు, కిటికీలోంచి మాట్లాడుతుంటే చాలు. బాలలక్ష్మి ముందు ఒప్పుకోలేదు. మీ ఇంట్ల ఏమన్న అంటరు అంది. తర్వాత ఒప్పుకుని, ఎందుకైనా మంచిదని తాళంచెవి కూడా ఇచ్చింది.

కొన్ని రోజులు బాగానే నడిచింది. స్వామికి ఎవరో ఒకరు వింటే చాలు. పాత దారులన్నీ చెప్పేవాడు. ఏ దాబాలో రొట్టె బాగుంటుంది, ఎక్కడ పోలీసులు ఆపుతారు, వానలో ఏ మలుపు జారుతుంది, అన్నీ సరిగ్గా గుర్తున్నాయి. పెళ్లాం గురించి కూడా చెప్పేవాడు. సన్నగా ఉంటుందట, పాట బాగా పాడుతుందట. బాలలక్ష్మి పాడుతుందని అంబ్రీన్‌కు అప్పటిదాకా తెలియదు.

ఎండలు ముదిరిన ఒక పగలు అతను లోపల దగ్గడం మొదలుపెట్టాడు. గొంతు పట్టుకుని నీళ్లు, నీళ్లు అన్నాడు. కుండ ఖాళీ అయినట్టుంది. కిటికీ చువ్వల్లోంచి చెంబు గానీ తన సీసా గానీ పట్టదు. పక్కింటికి తాళం. అంబ్రీన్ కాసేపు తటపటాయించింది. దగ్గు ఎక్కువైంది. ఆమె తాళం తీసి, తన సీసాలోని నీళ్లు ఇచ్చింది.

అతను తాగి, సీసా మూత పెట్టి తిరిగి ఇచ్చాడు. “బండి తీస్కొస్త టీచరమ్మా, నువ్వు ఈడనే ఉండు” అని చెప్పి నడిచాడు.

ఆమె ముందు నవ్వుతూనే ఆపింది. తర్వాత చెయ్యి పట్టుకుంది. అతను విదిలించిన విసురుకు గోడకు తగిలి పడింది. లేచేసరికి సందు దాటిపోయాడు. కాళ్లకు చెప్పులు లేవు. ఆమె వెంట పరుగెత్తింది. పట్టుకోండి అని అరిస్తే నలుగురు మీద పడతారు, అతను కొడతాడు, వాళ్లు ఊరుకోరు. అందుకని అరవకుండా, అన్నా అన్నా అంటూ వెనకే నడిచింది. సిరాజ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బస్టాండ్ దగ్గర బస్సు ఒకటి అడ్డం వచ్చింది. అది కదిలేసరికి అతను లేడు.

బడికి పోయి బాలలక్ష్మికి చెప్పాల్సి వచ్చింది. పిల్లలకు వడ్డిస్తోంది. అంబ్రీన్ నోరు తెరవకముందే ఆమెకు అర్థమైంది. గరిటె పక్కామె చేతికిచ్చి చెయ్యి కడుక్కుంది.

పని ముగించుకుని వచ్చిన సిరాజ్ సంగతి వింటూనే బండి తీశాడు. బాలలక్ష్మిని వెనక కూర్చోబెట్టుకుని చేగుంట దాకా పోయాడు, రోడ్డు పక్కన కనబడ్డవాళ్లనందరినీ అడిగాడు. లేడు. మరునాడు పొద్దున ఎల్దుర్తి నుంచి ఎవరో ఫోన్ చేశారు. స్వామి చొక్కా జేబులో బాలలక్ష్మి ఎప్పుడూ నంబరు కుట్టి ఉంచుతుంది. బస్సు షెడ్డులో కూర్చుని ఉన్నాడు. అంత దూరం ఎట్లా పోయాడో, ఎవరు ఎక్కించుకున్నారో తెలియలేదు. కాలిన తారు మీద నడిచి అరికాళ్లు రెండూ బొబ్బలెక్కి చిట్లాయి. ఆమెను చూసి, “అక్కా, బండి దొరకలే” అన్నాడు.

అంబ్రీన్ రెండు రోజులు ఇల్లు కదల్లేదు. కోడలి మోచేతి మీద గోడ గీసుకున్న గాయానికి షాజహాన్ బీ మందు రాసింది. ఎవరిదో భారం మోయడానికి మన భుజం సరిపోదమ్మా అని ఉర్దూలో అంది. తిట్టినట్టు లేదు. సిరాజ్ మాత్రం, ఆ రోజు ఫోన్ ఎత్తనందుకు తనను తానే తప్పుపట్టుకుంటూ కూర్చున్నాడు.

మూడో రోజు పండ్లు తీసుకుని పోయింది. స్వామి కాళ్లకు కట్లతో పడుకుని ఉన్నాడు. బాలలక్ష్మి బడికి సెలవు పెట్టింది. అంబ్రీన్ పండ్లు మంచం పక్కన పెట్టింది. బాలలక్ష్మే మాట్లాడింది.

“నీ తప్పు లేదు చెల్లె. నేనున్నా నీళ్లకు తీద్దును.” స్వామి కాలి కట్టు సరిచేసి, “నువ్వు ఇగ రాకు” అంది.

కోపంతో అన్నట్టు లేదు. అలసిపోయి అన్నట్టూ లేదు. ఇంకొక మనిషి గురించి బుగులు పెట్టుకునే శక్తి తనకు లేదని, అంతేనని చెప్పింది. ఆయన నిన్ను ఏమన్నా చేస్తే మీ ఇంటివాళ్లకు నేనేం చెప్పాలె అని అడిగింది. తర్వాత, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుని, ఈ రెండు రాత్రులూ కంటినిండా పడుకున్నానంది. నడవలేడు కాబట్టి లేవడు. “కాళ్లు మానొద్దని మొక్కుకున్న. గింత పాపపు మనిషినైన” అంది. అంబ్రీన్ అయ్యో అనలేదు. శిక్షణ వల్ల కాదు. ఆమె పక్కన కాసేపు కూర్చుంది.

కాళ్లు మానాయి. తాళం మళ్లీ పడింది.

వానలు మొదలయ్యే నాటికి పరిశోధనలో ఈ భాగం ముగిసింది. మహతి అందరినీ పిలిచి, ఫలితాలు తెరమీద చూపించింది. ప్రశ్నలు బాగానే పనిచేస్తున్నాయి. తెలుగులోనూ ఉర్దూలోనూ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందిని పట్టుకున్నాయి. రెండోసారి అడిగినప్పుడు చాలామంది జవాబులు నిలకడగా ఉన్నాయి. జబ్బు లేకపోయినా గీత దాటినవాళ్లు కొందరు ఉన్నారని, అట్లా ఉండటం మామూలేనని, వాళ్లలో ఇంట్లో రోగిని చూసుకునే ఆడవాళ్లు ఎక్కువగా కనిపించారని చెప్పింది. వాళ్ల గురించి వేరే పరిశోధన జరగాలని నివేదికలో ఒక పేజీ రాశానంది. ఆ పేజీ రాయడానికి ఆమె పైవాళ్లతో వాదించాల్సి వచ్చిందని అంబ్రీన్‌కు తర్వాత తెలిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంబ్రీన్ కూడా కొట్టింది. కడ్డీ మంచిదే. అది అబద్ధం కాదు.

ఆ పని అయ్యాక ఆమెను రెండో దశకు కూడా తీసుకున్నారు. ఇప్పుడు చేగుంట వైపు ఊళ్లలో అడుగుతోంది. పొద్దున్నే బస్సెక్కి పోతుంది. మాట ఎక్కడా తడబడదు, రాసి ఉన్నది రాసి ఉన్నట్టే చదువుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఆమెను చూసి నేర్చుకోమని మహతి చెబుతుంది. కొన్ని ఇళ్లలో మాత్రం, ప్రశ్నలయ్యాక ట్యాబ్ మూసి, లేవకుండా కాసేపు కూర్చుంటుంది. ఏమీ మాట్లాడదు. ఆ కూర్చోవడం ఎవరికి పనికొస్తుందో ఆమెకు తెలియదు.

బాలలక్ష్మి ఆ బడిలోనే వండుతోంది. స్వామి ఒళ్లు చేశాడు, జుట్టు నెరిసింది, పెళ్లాం కోసం అడగడం మానలేదు. పోయిన దసరా ముందు మార్కెట్‌లో అంబ్రీన్‌కు ఆమె ఎదురుపడింది. ఇద్దరూ పక్కకు జరిగి నిలబడ్డారు. టమాటలు పిరమైనయి అంది బాలలక్ష్మి. ఔనక్కా అంది అంబ్రీన్. మీ అత్త మోకాళ్లు ఎట్లున్నయని ఆమె అడిగింది, బాగున్నాయని అంబ్రీన్ చెప్పింది. ఇంకా ఏదో అడగాలని ఇద్దరికీ ఉంది. ఆయన ఒక్కడే ఉన్నడు, పోత చెల్లె అని బాలలక్ష్మి సంచి సర్దుకుని జనంలోకి నడిచింది. అంబ్రీన్ ఆమె పోయినవైపు కొంచెంసేపు చూసి, కొత్తిమీర కొనుక్కుని ఇంటిదారి పట్టింది.